మొకాల దవాఖాన

నాగులగట్టులో పశువుల దవాఖాన ఉండేది. ఇప్పుడూ గోడలున్నాయి, కప్పు ఉంది, డాక్టరున్నాడు, జీతాలున్నాయి. దవాఖాన ఒక్కటే లేదు. ఆ ముక్క బుచ్చవ్వకు తెలియదు. తెలిసుంటే, ఈనలేక తన్నుకుంటున్న బర్రెను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని గతుకుల రోడ్డున అంత దూరం ఎందుకొస్తుంది?

బర్రె పేరు సుక్క. నుదుటి మీద అరచేతి వెడల్పు తెల్లమచ్చ ఉందని ఆ పేరు. బుచ్చవ్వకు మొగుడు పోయాడు, పొలం ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా సుక్క. పొద్దుటి పాలు బస్టాండు హోటలుకు, మాపటి పాలు టీచర్ల ఇళ్ళకు. ఆ పాల మీదే పొయ్యి వెలిగేది. సుక్క పోతే మర్నాడు నిద్ర లేచి ఏం చెయ్యాలో కూడా ఆమెకు తోచదు. అట్లాంటి సుక్కకు ఆ రోజు కోడికూత వేళ నొప్పులు మొదలయ్యాయి. ఉమ్మనీరు పోయింది. ఒక్క గిట్ట బయటికొచ్చి ఆగింది. రెండో గిట్ట జాడ లేదు.

"డాక్టరు చెయ్యి వెడితె గాని ఎల్లదిది," అంది బుచ్చవ్వ. పక్కింటి సాదుల్ మారుమాట లేకుండా ఆటో తీశాడు.

దవాఖాన ముందు ఆగేసరికి గేటు మీద కొత్త కమాను. ఎర్ర రంగు, దాని మీద బంగారు అక్షరాలు. బుచ్చవ్వకు చదువు రాదు. సాదుల్ కూడబలుక్కుని చదివాడు.

"అంతర్జాతీయ... నోగాకు... ముఖతొడుగు... నాటక మ్యూజియం. కింద ఇంకోటి ఉన్నది పెద్దమ్మా. పశువులకు ప్రవేశం లేదు."

"పసుల దవాఖానల పసులు రావొద్దా?"

"గట్లనే రాసిండ్రు."

కమాను కింద బల్ల వేసుకుని కూర్చున్న మనిషిని బుచ్చవ్వ మొదట గుర్తుపట్టలేదు. నడుము నుంచి మడమల దాకా కుచ్చులు కుచ్చులుగా నల్ల పావడా, కాళ్ళకు తెల్ల మేజోళ్ళు. తీరా చూస్తే జంగయ్య. ఈ దవాఖాన అటెండరే. ఇన్నాళ్ళూ ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టిన చెయ్యి ఇప్పుడు టికెట్లు చింపుతున్నది.

"జంగయ్యా, గీ లంగ ఏంది?"

"లంగ గాదు బుచ్చక్కా. జపాను డ్రెస్సు. జెర మెల్లగ మాట్లాడు. లోపల పెద్దసారున్నడు. ఇయ్యాల జపానోళ్ళు వస్తున్నరు."

"ఎవలన్న రానీ. డాక్టర్ సారును పిలువు. బర్రె సచ్చిపోతున్నది."

"డాక్టర్ సారు లేడక్కా. క్యురేటర్ సారున్నడు."

"ఆయనెవలు?"

"డాక్టర్ సారే."

ఇది ఎట్లా జరిగిందో చెప్పాలి. కిందటేడు, పాడి పరిశ్రమ నడిపే తీరు చూసి రమ్మని సర్కారు కొందరు అధికారులను జపాను పంపింది. వాళ్ళు ఆవుల కొట్టం చూడ్డానికి బయల్దేరిన రోజున వాన పట్టుకుంది. కోట్లు తడుస్తాయని దగ్గర్లో కనిపించిన భవనంలోకి దూరారు. అది ఆ దేశపు పాత నాటకానికి కట్టిన మ్యూజియం. నోగాకు అంటారు ఆ నాటకాన్ని. నటులు కొయ్యముఖాలు తొడుక్కుని ఆడతారు. ఆ రోజు వాన పడకపోయి ఉంటే నాగులగట్టుకు దవాఖాన మిగిలేది.

ఆ బృందానికి పెద్ద పద్మనాభం గారు. సంస్కృతి, పశుసంపద సమన్వయ ప్రత్యేకాధికారి. అట్లాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందా అని అడక్కండి, ఉంది, దానికి కారు కూడా ఉంది. ఆ మ్యూజియంలో ఒక ముసలాయన ఆడపిల్ల ముఖం చెక్కిన తొడుగొకటి చేతుల్లోకి తీసుకుని కాస్త పైకెత్తాడు. ముఖం నవ్వింది. కాస్త కిందికి వంచాడు. ముఖం ఏడ్చింది. కొయ్య కొయ్యే, దాని మీద వెలుగూ నీడా మారాయి, అంతే. తరాల తరబడి చెయ్యి తిరిగిన వాళ్ళు సాధించిన పనితనం అది. చూసిన వాళ్ళంతా ముచ్చటపడ్డారు. పద్మనాభం గారు మాత్రం ఉలిక్కిపడ్డారు. సర్వీసంతా తను వెతుకుతున్న ముఖం ఇదే. మెడ వంచితే సానుభూతి. మెడ ఎత్తితే ప్రగతి. లోపలి మనిషి చెయ్యవలసింది ఏమీ లేదు.

తిరిగొచ్చాక ఇంకో కబురు తగిలింది. జపానులోని ఒక పాడి రైతుల సంఘం, నాగులగట్టు పశువుల దవాఖాన చూడ్డానికి వస్తాం, నచ్చితే పరికరాలు ఇస్తాం అన్నది. అతిథులను ఎట్లా గౌరవించాలి? కమిటీ కూర్చుంది. వాళ్ళ నాటకానికి మన గడ్డ మీద మ్యూజియం పెట్టడానికి మించిన గౌరవం లేదని తేల్చింది. ఎక్కడ పెట్టాలి? అతిథులు ఎక్కడికి వస్తే అక్కడ. అతిథులు వచ్చేది దవాఖానకు. కనుక దవాఖానను ఖాళీ చేయించారు. ఎత్తేశారని మాత్రం అనకూడదు. "భవనరహిత సేవాకేంద్రంగా ఉన్నతీకరించడమైనది" అని ఉత్తర్వు ఇచ్చారు. సిబ్బంది, గోడలతో పాటు మ్యూజియానికి సంక్రమించారు.

జంగయ్య ఈ పురాణమంతా చెప్పేలోగా సుక్క ఆటోలో మూడుసార్లు మూలిగింది.

"నువ్వే లోపలికి పోయి సారుతోని మాట్లాడక్కా. టికెట్టు దీస్కో. గీ మేజోళ్ళు దొడుక్కో," అన్నాడు జంగయ్య. పేడ ఆరిన కాళ్ళ మీదే బుచ్చవ్వ తెల్ల మేజోళ్ళు లాక్కుంది. "సాదులూ, బర్రెను జూడు," అని లోపలికి ఉరికింది.

ఎక్కడో కుయ్‌మంది.

"ఉరకొద్దక్కా, ఎనకకు రా. మళ్ళ మొదటి సంది నడువాలె."

ఒకప్పుడు పశువులను లోపలికి తోలే సిమెంటు వాలుబాటకు ఇప్పుడు వారధి అని పేరు. ఆ నాటకంలో పాత్రలు ఇట్లాంటి వంతెన మీంచే వేదిక మీదికి వస్తాయి, పాదం ఎత్తకుండా, నేల రాసుకుంటూ, మెల్లగా. అది నటుల నడక కదా, జనాలకెందుకు అని కమిటీలో ఒకాయన అన్నాడు. ఆయనకు బదిలీ అయింది. సందర్శకులంతా అట్లాగే నడవాలని నియమం వచ్చింది. తొందరపడితే గోడకున్న యంత్రం కుయ్‌మంటుంది. కుయ్‌మంటే మళ్ళీ గేటు దగ్గర్నుంచి రావాలి.

బుచ్చవ్వ మళ్ళీ ఉరికింది. మళ్ళీ కుయ్‌మంది.

"పేడకాడ జారకుండ నడుస్తవు సూడు, గట్ల జరుపు కాలు," అని జంగయ్య వెనక నుంచి నేర్పాడు.

పళ్ళు నూరుకుంటూ, కాళ్ళు ఈడ్చుకుంటూ బుచ్చవ్వ వారధి దాటింది. మందుల బీరువాలు అక్కడే ఉన్నాయి. వాటిలో మందులు లేవు, కొయ్యముఖాలున్నాయి. ముసలి ముఖం, పిచ్చి ముఖం, కొమ్ముల దయ్యం ముఖం. అరలకు అంటించిన పాత చీటీలు ఎవరూ పీకలేదు. దయ్యం ముఖం కింద గాలికుంటు టీకాలు అని ఉంది.

అవతల వేదిక. నోగాకు వేదికకు నాలుగు స్తంభాలుండాలి. సూది వేసేటప్పుడు పశువును నిలబెట్టి బిగించే ఇనుప గొట్టాల చట్రం అక్కడే పాతి ఉంది కనుక, దానికే ఎర్రగుడ్డ చుట్టి స్తంభాలన్నారు. వెనక గోడ మీద పైన్ చెట్టు ఉండాలి. బొమ్మ వేసినాయన ఎన్నికల గోడరాతలు రాసే మనిషి. పైన్ చెట్టును ఎన్నడూ చూడలేదు. తనకు తెలిసిన తుమ్మచెట్టు వేశాడు.

ఆ తుమ్మచెట్టు ముందు, ఒంటి మీద నాలుగు పొరల పట్టు అంగీలతో, ముఖానికి ఆడపిల్ల తొడుగుతో పశువైద్యుడు వేణుమాధవ్ కూర్చుని ఉన్నాడు.

"డాక్టర్ సారూ," అంది బుచ్చవ్వ.

కొయ్యముఖం మెల్లగా ఇటు తిరిగింది.

"నా సుక్క సారూ. ఒక్క గిట్ట ఎల్లింది. ఇంకోటి ఎల్లుతలేదు."

కొయ్య పెదవుల వెనక నుంచి మగ గొంతు గుసగుసలాడింది. "ముందటి గిట్టనా, ఎనక గిట్టనా?"

"ముందటిదే. ముట్టె సుత తగుల్తున్నది."

"ఇంకో కాలు లోపల ఎనకకు మడ్తవడ్డది. ఎంతసేపాయె?"

"కోడి కూసినప్పటి సంది."

అంగీ చేతుల్లోంచి వేళ్ళు బయటికొచ్చాయి. లోపల దూడ కాలును సరిచేస్తున్నట్టే ఒక్కసారి ఒంగి, మళ్ళీ ముడుచుకున్నాయి. "నేను లేవరాదవ్వా. గోడ మీద సూడు."

వెనకే వచ్చిన జంగయ్య ఆ గోడ మీది నియమం చదివి వినిపించాడు. "తెరిచింది మొదలు మూసే వరకు ఈ ముఖతొడుగు ముఖం లేకుండా ఉండరాదు. ఉన్నచో క్యురేటర్ సస్పెండ్ చేయబడును."

"తీసి అవతల పారెయ్యి సారూ."

"కిందటి వారం గొర్లకు సూది ఇద్దామని తీసిన. మెమో ఇచ్చిండ్రు. ఇంకోపారి తీస్తె నౌకరి వోతది."

అంతలో పద్మనాభం గారు వచ్చారు. పాదం ఎత్తకుండా, నీళ్ళ మీద పడవలాగా వచ్చారు. సంగతంతా ఓపికగా విన్నారు. వినడంలో ఆయనకు ఆయనే సాటి.

"అమ్మా, మీ సమస్యను ఈ సంస్థ హృదయపూర్వకంగా స్వీకరిస్తున్నది," అన్నారు. వేదిక వైపు తిరిగారు. "క్యురేటర్ గారూ, విచారం."

కొయ్యముఖం కిందికి వంగింది. నిజంగానే ఏడుస్తున్నట్టు కనిపించింది.

"చూశారా? మీ వేదన యావత్తూ ఆ వదనంలో ప్రతిఫలించింది. ఈ కార్యాలయంలో ఇదివరకెన్నడైనా మీకు ఇంతటి సానుభూతి లభించిందా?"

"సానుభూతి గాదు సారూ. చెయ్యి గావాలె. లోపలికి వెట్టి దూడను సక్కజేసే చెయ్యి."

"అది సేవ అవుతుందమ్మా. సేవలు సాయంత్రం మూసివేత అనంతరం భవనరహితంగా అందించబడతాయి. ప్రస్తుతం నడుస్తున్నవి అనుభూతి వేళలు."

"మాపటిదాక బర్రె ఆగది."

"క్యురేటర్ గారూ, మరికొంత విచారం."

ముఖం మరికొంత వంగింది.

బుచ్చవ్వ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీ ఇంట్ల ఆడోళ్ళకు నొప్పులొస్తె సుత గిట్లనే మెడ వంచుకుంట కూసుంటరా సారూ?"

దానికి ముఖాన్ని ఎటు వంచమని చెప్పాలో ఆయన ఆలోచిస్తుండగా బయట సుక్క అరిచింది. ఆ అరుపు బుచ్చవ్వ ఎరిగినదే. ఇంకో గంట దాటితే ఆ అరుపు కూడా ఉండదు. ఆమె గిర్రున తిరిగి వారధి మీద ఉరికింది. యంత్రం కుయ్యో మొర్రో అంది. బుచ్చవ్వ దాన్ని అననిచ్చింది.

"సాదులూ, తలుపు దింపు. లోపలికే కొట్టుకపోదాం."

"పెద్దమ్మా, కేసు వెడ్తరు."

"వెట్టనీ. బర్రె మీద వెడ్తరో నా మీద వెడ్తరో సూద్దాం."

కొట్టుకుపోవలసిన పని పడలేదు. ఎదకొచ్చిన ప్రతిసారీ, జబ్బు చేసిన ప్రతిసారీ సుక్క ఇక్కడికే వచ్చింది. దానికి కమాను మీది అక్షరాలతో పని లేదు. ఆటో దిగి, తలకాయ దించి, తెలిసిన వాలుబాట పట్టింది. నొప్పులతో కాలు లేవడం లేదు. గిట్టలు నేలకు రాసుకుంటూ, ఒక్కో అడుగూ బరువుగా జరుపుకుంటూ పోయింది. యంత్రం నోరు మెదపలేదు. మ్యూజియం తెరిచాక ఒక్కసారి కూడా కుయ్‌మనిపించకుండా వారధి దాటిన మొదటి సందర్శకురాలు సుక్కే. దయ్యం ముఖాన్నీ పిచ్చి ముఖాన్నీ పట్టించుకోకుండా పోయి, ఎర్రగుడ్డ చుట్టిన నాలుగు గొట్టాల మధ్య దూరి, ముందరి గొట్టానికి మెడ ఆనించి నిలబడింది.

పద్మనాభం గారు అడ్డం వచ్చారు. "ఇది ప్రవేశ నిబంధనల్లో లేదు. దీనికి టికెట్టు లేదు. మేజోళ్ళు లేవు."

"ఎన్ని జతలియ్యమంటరు సార్? నాలుగు కాళ్ళున్నయి," అన్నాడు జంగయ్య, ముఖం ఏమాత్రం కదలకుండా. ఆ ముఖానికి తొడుగు అవసరం లేదు.

పద్మనాభం గారు నిజంగానే ఆలోచించారు. ఆయన రెండు జతలా, రెండు జతలూ ఒకే కొలతా అని ఆలోచిస్తుండగానే డాక్టరు లేచాడు. పట్టు అంగీల చేతులు భుజాల దాకా మడిచాడు.

"క్యురేటర్ గారూ, మీరు ముఖతొడుగు..."

"తియ్యలేదు సార్. ముఖం మీదనే ఉన్నది," అని లోపలి నుంచి గొంతు. "జంగయ్యా, సబ్బు. బకీట్ల నీళ్ళు. అవ్వా, తోక పట్టు."

డాక్టరు చెయ్యి లోపలికి పోయింది. ఆ తొడుగు కళ్ళ చోట ఉన్నవి బెజ్జాలు. వాటిలోంచి సరిగా కనబడదు. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు. దూడను వెనక్కి నెట్టి, మడతపడ్డ కాలు కోసం లోపల తడుముతున్నాడు. కాలు వేళ్ళకు అందినప్పుడల్లా తల పైకి లేచేది, కొయ్యముఖం నవ్వేది. జారిపోయినప్పుడల్లా తల వాలేది, ముఖం ఏడ్చేది. బుచ్చవ్వ తోక పట్టుకుని ఆ ముఖాన్నే చూస్తున్నది. ఆ తొడుగు పెట్టాక అది ఒక కారణంతో నవ్వడం, ఒక కారణంతో ఏడవడం ఆ రోజే మొదలు.

"దొరికింది," అన్నాడు డాక్టరు. "తాడు గావాలె."

తాళ్ళన్నీ మూటగట్టి ఎక్కడో పెట్టి తాళం వేశారు. బుచ్చవ్వ స్తంభానికి చుట్టిన ఎర్రగుడ్డ పర్రున చింపి, మెలిపెట్టి అందించింది. లోపలి నుంచి తుప్పుపట్టిన పాత గొట్టం బయటపడింది.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర కారు ఆగింది. పద్మనాభం గారు ఉరికారు. యంత్రం కుయ్‌మంది. ఆయన పెట్టిన నియమమే కనుక వెనక్కొచ్చి, మొదటి నుంచి, పాదం ఎత్తకుండా మళ్ళీ బయల్దేరారు. ఆయన వారధి సగం దాటేసరికి అతిథులే లోపలికి వచ్చేశారు. ముందు మొరిత అనే పొట్టి ముసలాయన. పక్కన, ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి పట్నం నుంచి వచ్చిన అమ్మాయి.

"సుస్వాగతం," అన్నారు పద్మనాభం గారు. వెనక్కి చూశారు. బర్రె, రక్తం, పట్టు అంగీ. సర్వీసు ఊరికే పోలేదు. ఆయన గొంతు తొణకలేదు. "తమ రాకను పురస్కరించుకుని ప్రయోగాత్మక ప్రదర్శన జరుగుతున్నది. నాటకం పేరు మహిషీ ప్రసవం. తమ మహోన్నత సంప్రదాయాన్ని స్థానిక జీవనంతో అనుసంధానించే ప్రయత్నం."

అమ్మాయి జపాను భాషలో చెప్పడం మొదలుపెట్టింది. మొరిత ఆఖరుదాకా వినలేదు. కోటు విప్పి పద్మనాభం గారి చేతిలో పెట్టాడు. చొక్కా చేతులు మడుస్తూ సుక్క దగ్గరికి పోయాడు. డాక్టరు రెండో చేతి పిడికిలి మడిచి, మళ్ళీ చాపి, లోపలి కాలు సంగతి చూపించాడు. ముసలాయన తల ఊపి గుడ్డతాడు రెండో కొస అందుకున్నాడు. వాళ్ళిద్దరికీ ఆ అమ్మాయితో పని పడలేదు.

సుక్క ముక్కినప్పుడు లాగారు. ఆగినప్పుడు ఆగారు. బుచ్చవ్వ సుక్క చెవిలో ఏదో చెబుతూనే ఉంది. రెండు గిట్టలు వచ్చాయి, ముట్టె వచ్చింది, తలకాయ వచ్చింది, ఆ తర్వాత దూడంతా ఒక్కసారిగా తుమ్మచెట్టు ముందు జారిపడింది. కదల్లేదు.

డాక్టరు ముఖతొడుగు పీకి విసిరేశాడు. వంగి దూడ ముక్కులో జిగురు తీశాడు. మొరిత నీళ్ళకు చెంబు కోసం అటూ ఇటూ చూశాడు. కాళ్ళ దగ్గర బోర్లా పడి ఉన్న ఆడపిల్ల ముఖం కనిపించింది. లోపలి వైపు గుంట చక్కగా ఉంది. దాన్ని బకెట్లో ముంచి, దూడ చెవిలో, నెత్తి మీద దబదబా గుమ్మరించాడు. ఇంకో ముంత. ఇంకో ముంత.

దూడ తుమ్మింది.

సుక్క వెనక్కి తిరిగి చూసింది. బుచ్చవ్వ వేదిక మీదే కూలబడి, మేజోళ్ళు పీకి వాటితో ముఖం తుడుచుకుంది.

ముసలాయన చాలాసేపు మాట్లాడాడు. అమ్మాయి చెప్పింది. "మీ హాస్పిటల్ బాగుందంటున్నారు సార్."

"ఇది మ్యూజియం అని వివరించండి."

"చెప్పాను. ఎందుకు అని అడుగుతున్నారు."

"వారి గౌరవార్థం."

అమ్మాయి అడిగి, విని, కాస్త తటపటాయించింది. "ఆయన పశువుల డాక్టరట సార్. ఈ నాటకం జీవితంలో ఒక్కసారి చూశారట, వాళ్ళావిడ తీసుకెళ్తే. మధ్యలో నిద్రపోయారట."

"ప్రదర్శన వారిని ధ్యానస్థితికి చేర్చిందన్నమాట," అన్నారు పద్మనాభం గారు. "ఇది పై వారికి నివేదించదగిన విషయం."

నివేదించారు. పై వారు పొంగిపోయారు. నెల తిరక్కుండా జపాను నుంచి పరికరాలు వచ్చాయి. దూడను లాగే మెత్తటి తాళ్ళు, కడుపులో ఏముందో చూపే యంత్రం, ఇంకా పేర్లు తెలియనివి కొన్ని. వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, జపాను పశువైద్య కళాఖండాలు, తాకరాదు అని రాశారు. డాక్టరుకు ఇంకో మెమో వచ్చింది. అతిథి సమక్షంలో ముఖతొడుగు ముఖం లేకుండా ఉందట, ఇదే ఆఖరి హెచ్చరికట. గేటు ముందు మూలుగుతున్న ఎడ్లూ మేకలూ ఎప్పటిలాగే సాయంత్రం దాకా మూలిగాయి.

అక్కడితో పోతే బుచ్చవ్వ గొడవ పడేది కాదు. ఒక మధ్యాహ్నం పద్మనాభం గారి కారు ఆమె కొట్టం ముందే ఆగింది.

"అభినందనలమ్మా. మీ మహిషిని ప్రధాన నటిగా ప్రభుత్వం గుర్తించింది. ప్రతి శనివారం మహిషీ ప్రసవం నాటకాన్ని ప్రదర్శించవలసిందిగా ఆదేశాలు అందాయి. ఇకపై దాని పోషణ, శిక్షణ సంస్థే స్వీకరిస్తుంది."

బుచ్చవ్వ గడ్డి వేస్తూ ఆగింది. "ప్రతి శనివారం ఈనాల్నా?"

"అవును."

"బర్రె ఏడాదికొక్కపారి ఈనుతది సారూ. మీ మీటింగా, వారం వారం వెట్టుకుంటానికి?"

"వాస్తవ ప్రసవం అవసరం లేదు. అభినయం చాలు. ఉన్న దూడనే వినియోగించి..."

"దూడను మళ్ళ లోపటికి తోలుతరా?"

"సాంకేతిక అంశాలను ఉపసంఘం పరిశీలిస్తుంది."

"నా బర్రెను ఇయ్య."

పద్మనాభం గారి గొంతు ఏమీ మారలేదు. టికెట్టు లేని ప్రవేశం, మేజోళ్ళు లేని ప్రవేశం, స్తంభ వస్త్రాన్ని చించడం, ఇవన్నీ ఆమె మీద ఉన్నాయని మెత్తగా గుర్తుచేశారు. "క్యురేటర్ గారి సిఫారసు అందగానే స్వాధీనం చేసుకుంటాం. శనివారం వస్తాను. మీ ఆవేదన అప్పుడు వారికి చెప్పుకోవచ్చు. వారు విచారిస్తారు."

కారు పోయాక బుచ్చవ్వ సుక్క ఒంటి మీద చెయ్యి వేసి నిలబడింది. పాలు తాగుతున్న దూడ తల్లి పొదుగును కుమ్ముతోంది. దూడ కుమ్మడం ఆగే దాకా ఆమె అక్కడే ఉంది. తర్వాత కొంగు దోపి నేరుగా మ్యూజియానికి నడిచింది.

"జంగయ్యా, గా గోడ మీద రాసింది ఇంకోపారి సదువు."

జంగయ్య చదివాడు. తెరిచింది మొదలు మూసే వరకు ఈ ముఖతొడుగు ముఖం లేకుండా ఉండరాదు.

"ఎవల మొకమని రాసిండ్రా?"

జంగయ్య మళ్ళీ చదివాడు. వేలు పెట్టి చివరిదాకా చదివాడు. "రాయలేదక్కా."

బుచ్చవ్వ వేదిక వైపు తిరిగింది. "సారూ, గా బట్టలు ఇటియ్యి. నువ్వు వోయి ఎద్దులను సూడు."

"దొరికితె నా నౌకరి వోతది అవ్వా," అన్నాడు డాక్టరు.

"ఇప్పుడు నీది నౌకరేనా?"

ఆ మాటకు కొయ్యముఖం వంగలేదు, లేవలేదు. చేతులు పైకొచ్చి తాడు ముడి విప్పాయి.

ఆ రోజు నుంచి తుమ్మచెట్టు ముందు పట్టు అంగీల్లో కూర్చుంటున్నది బుచ్చవ్వ. భవనం వెనక గోడ చాటున డాక్టరు ఎడ్లనూ మేకలనూ చూస్తున్నాడు. బీరువా తాళం జంగయ్య దగ్గరే ఉంటుంది కానీ తియ్యడానికి క్యురేటర్ అనుమతి కావాలి. జంగయ్య వచ్చి అడుగుతాడు. కొయ్యముఖం పైకి లేచి నవ్వుతుంది. తాళ్ళూ యంత్రమూ వెనక్కి పోతాయి, పని చేసి కడుక్కుని తిరిగొస్తాయి. ఈ మధ్యలో ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చారు. క్యురేటర్ ముఖంలో ప్రగతి మునుపటికంటే బాగుందని మెచ్చుకుని పోయారు.

శనివారం పద్మనాభం గారు వచ్చారు. వేదిక ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"క్యురేటర్ గారూ, ఆ బుచ్చవ్వ అనే మహిళ మొండితనం చూస్తున్నారు కదా. బర్రెను ఇవ్వనంటున్నది. పై నుంచి నా మీద ఒత్తిడి ఉంది. మీ సిఫారసు లేనిదే నేను ముందుకు పోలేను."

కొయ్యముఖం మెల్లగా వంగింది.

"నా పరిస్థితి మీకు అర్థమైంది," అన్నారు పద్మనాభం గారు. అని ఆగారు. ముఖం ఇంకాస్త వంగింది. ఆయన గొంతు మొదటిసారి తొణికింది. "నిజం చెప్పాలంటే ఈ శాఖలో నా బాధ పట్టించుకున్న వాళ్ళే లేరండీ. పది కమిటీలకు జవాబు చెప్పుకోవాలి. ఎవరికి చెప్పినా తల ఊపి పంపించేస్తారు."

ముఖం గడ్డం ఛాతీకి ఆనేంతగా వంగింది. తొడుగు లోపల బుచ్చవ్వ పెదవి కొరుక్కుంటున్నది.

"చాలు, చాలు. ఇంత సానుభూతి నేను ఎక్కడా చూడలేదు." పద్మనాభం గారు జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. సిఫారసు సంగతి మళ్ళీ ఎత్తలేదు. బరువు దిగిన మనిషిలాగా, పాదం ఎత్తకుండా, వారధి మీద జరుగుతూ వెళ్ళిపోయారు. యంత్రం ఒక్కసారీ కుయ్‌మనలేదు.

కారు చప్పుడు దూరమయ్యే దాకా తొడుగు అట్లాగే వంగి ఉంది.

"జంగయ్యా, పోయిండా?"

"పోయిండక్కా."

"ఇగో, జెర నువ్వు దొడుక్కో. సుక్క పొదుగు నిండింది. పాలు పిండుకొస్త."

బుచ్చవ్వ ముఖం మీది నుంచి జంగయ్య ముఖం మీదికి తొడుగు మారింది. గోడ మీది నియమం ఒక్క క్షణం కూడా తప్పలేదు.